గుర్రానికి వేసవి ఈగల దుప్పటి

ఫ్లై షీట్ అంటే ఈగలు, దోమలు, జోరీగలు వాలకుండా గుర్రం ఒంటి మీద కప్పే పలుచని జాలీ దుప్పటి. మెడ దగ్గర మొదలై వీపు, పక్కల మీదుగా తోక మొదలు దాకా వస్తుంది. రొమ్ము దగ్గర బకిళ్లు, పొట్ట కింద పట్టీలు, వెనక తొడల చుట్టూ మరో రెండు పట్టీలు దాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతాయి. బ్రిటన్, ఐర్లండ్, జర్మనీ, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో గుర్రాలను వేసవిలో పచ్చిక బయళ్లలో వదిలేస్తారు కాబట్టి అక్కడ ఇది మామూలు సరంజామా. లాయంలో కట్టి పెంచే చోట్ల దీని అవసరం తక్కువ.

చలికాలపు రగ్గు ఎంచుకోవడం తేలిక. చలి ఎంత ఉంటే దుప్పటి అంత దళసరి. ఈగల దుప్పటికి అలాంటి ఒకే లెక్క కుదరదు. గాలి ధారాళంగా ఆడాలి, పురుగు దూరకూడదు. ఎండ తగలకూడదు, లోపల ఉక్క పట్టకూడదు. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది. కొనేముందు కంపెనీ పేరు, రంగు, ధర వాకబు చేసేవారే ఎక్కువ. అంతకంటే ముందు తేలవలసినవి మూడున్నాయి: గుర్రాన్ని కుడుతున్నది ఏ పురుగు, ఏ వేళకు వస్తోంది, ఒంట్లో ఎక్కడ వాలుతోంది.

కుట్టేది ఏది

గుర్రం పక్కన కాసేపు ఊరికే నిలబడి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కాళ్లు నేలకేసి దబదబా కొడుతుంటే మోకాళ్ల కింద ఈగలు కుడుతున్నాయన్నమాట. అవి చూడ్డానికి ఇంట్లో తిరిగే ఈగల్లాగే ఉంటాయి గానీ, తల కింద నుంచి సూదిలాంటి నోరు ముందుకు పొడుచుకొని ఉంటుంది. శాస్త్రీయ నామం స్టోమాక్సిస్ కాల్సిట్రాన్స్. ఆడదీ మగదీ రెండూ రక్తం తాగుతాయి. మూత్రంతో తడిసి కుళ్లిన గడ్డిలో, లద్ది కుప్పల్లో పెరుగుతాయి. రోజంతా కాళ్లు కొట్టుకునే గుర్రానికి గిట్టల అంచులు పెచ్చులూడతాయి, నాడాలు వదులవుతాయి. వీపు మీద ఎంత ఖరీదైన దుప్పటి కప్పినా ఈ ఈగకు పట్టదు. దానికి కావలసింది కాళ్లు, అవి బయటే ఉన్నాయి.

జోరీగల తీరు వేరు. ఎండ బాగా కాసే వేళ వస్తాయి, వెలుతురున్న చోటే తిరుగుతాయి, చీకటి లాయంలోకి సాధారణంగా రావు. కుట్టేవి ఆడవే. సూదిలా గుచ్చడం వాటికి తెలియదు. చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతాయి. అందుకే ఆ కాటు అంత మంట. గుర్రం విదిలించగానే లేచి పక్క జంతువు మీద వాలి మిగతా భోజనం అక్కడ పూర్తి చేస్తాయి. రోగాలు మోయడానికి ఇంతకంటే అనువైన అలవాటు లేదు. సర్రా జబ్బు ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి చేరేది ప్రధానంగా ఇలాగే. ఆ జబ్బు తెచ్చే ట్రిపనోసోమా క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో కనిపెట్టాడు. వెన్నెముక ఉన్న జంతువులకు ట్రిపనోసోమాల వల్ల రోగం వస్తుందని తేలడం అదే మొదలు. ఆయన పేరు మీదనే ఆ క్రిమి ట్రిపనోసోమా ఎవాన్సి అయింది.

మూడో రకం కంటికి సరిగా ఆనదు. క్యూలికాయిడిస్ జాతి నుసుములు 1 నుంచి 3 మిల్లీమీటర్ల పొడవుంటాయి. మసక వెలుతురులో, అంటే పొద్దుగూకే వేళా తెల్లవారుజామునా ముసురుతాయి. గాలి కాస్త జోరుగా వీచినా ఎగరలేవు. జూలు మొదళ్లలో, తోక మొదట్లో, పొట్ట కింద నడిగీత పొడవునా కుడతాయి. కొన్ని గుర్రాలకు వాటి లాలాజలం పడదు. అలర్జీతో ఒళ్లంతా దురద పుట్టి, తోకనూ మెడనూ చెట్లకూ కంచెలకూ రుద్ది రుద్ది రక్తం తెచ్చుకుంటాయి. ఇంగ్లిషువారు దీన్ని స్వీట్ ఇచ్ అంటారు. ఐస్‌లాండ్‌లో పుట్టి పెరిగి యూరప్ ప్రధాన భూభాగానికి ఎగుమతైన గుర్రాల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. చిన్నతనంలో ఈ నుసుముల కాటు ఎరగకపోవడమే కారణమని పరిశోధకుల అభిప్రాయం. అదే జాతి గుర్రాలు యూరప్‌లోనే పుడితే అంతగా బాధపడవు. ఒకసారి ఐస్‌లాండ్ దాటిన గుర్రాన్ని ఆ దేశ చట్టం మళ్లీ లోపలికి రానివ్వదు కనుక, దురద పట్టిన గుర్రానికి పుట్టినచోటికి తిరిగి వెళ్లే దారి కూడా లేదు.

ఇవి గాక కళ్ల నీటికీ ముక్కు తడికీ మూగే ఈగలు, వాగుల దగ్గర చెవుల్లో దూరి కుట్టే నల్ల ఈగలు, తొడల సందుల్లో చర్మానికి అంటుకొని పక్కకు పాకే హిప్పోబోస్కా ఈగలు ఉన్నాయి. వీటిలో దేనికీ మామూలు దుప్పటి పూర్తి జవాబు కాదు. మామూలు ఈగలను కూడా తేలిగ్గా తీసేయకూడదు. పుండు మీద వాలి హబ్రోనెమా అనే నులిపురుగు పిల్లలను వదిలిపెడతాయి. ఆ పుండు వేసవి అంతా మానకుండా కండ పెంచుకుంటూ పోతుంది. వానాకాలంలో ముదిరే ఇలాంటి పుళ్లను బ్రిటిష్ కాలపు అశ్విక దళ వైద్యులు మన దేశంలో బర్సాతీ అని పిలిచేవారు.

జాలీ కన్ను

వల కొనే జాలరి మొదట కన్ను చూస్తాడు. ఈగల దుప్పటి కొనేవాళ్లూ అక్కడే మొదలుపెట్టాలి. జోరీగకూ ఈగకూ రెండు మూడు మిల్లీమీటర్ల కన్నున్న జాలీ అయినా అడ్డే. గాలి బాగా ఆడుతుంది, గుర్రం చల్లగా ఉంటుంది. ఆ జాలీ నుసుములకు మాత్రం తెరిచిన తలుపే. మనం పడుకునే దోమతెర కన్నుల్లోంచి కూడా క్యూలికాయిడిస్ దూరిపోగలదు. స్వీట్ ఇచ్ ఉన్న గుర్రానికి కన్ను కనిపించనంత దగ్గరి నేత కావాలి. అలాంటి దుప్పట్లు సాగే గుణంతో, మెడ నుంచి పొట్ట కింద దాకా చుట్టుకొనేలా, తోకకు తొడుగుతో వస్తాయి. ఐర్లండ్‌లోని హార్స్‌వేర్ వంటి కంపెనీలు వీటిని వేరే వరుసగానే అమ్ముతాయి. వేసే వేళ కూడా వేరు: జోరీగల దుప్పటి పగలు వేసి రాత్రి తీస్తే సరిపోతుంది, నుసుముల దుప్పటి సాయంత్రానికి ముందే ఒంటి మీద ఉండాలి. దురద మొదలయ్యాక తొడిగితే గుర్రం దానితో సహా కంచెకు రుద్దుకొని చింపేస్తుంది. కాలం రాకముందే మొదలుపెట్టమని పశువైద్యులు చెప్పేది ఇందుకే.

పీచు సాధారణంగా పాలియెస్టర్. పీవీసీ పూత పూసిన బిరుసు జాలీ ఒక రకం, మెత్తగా అల్లిన జాలీ ఇంకో రకం. బిరుసుది ముళ్లకూ కొరుకుళ్లకూ తట్టుకుంటుంది, ఒంటికి అతుక్కోదు. అది మేలు కూడా, ఎందుకంటే చర్మానికి అంటుకున్న పలుచని బట్ట మీంచి జోరీగా దోమా రెండూ కుట్టేస్తాయి. దాని లోపం రాపిడి. భుజాల ముందు, మూపు మీద వెంట్రుక అరిగిపోయి నున్నటి మచ్చలు పడతాయి. మెత్తటి జాలీకి ఈ బాధ లేదు గానీ ఎండుగడ్డి పరకలు, పల్లేరుకాయలు అంటుకుంటే వదలవు. ఒకే గుర్రం ఉన్నవాళ్లకు మెత్తటిది, ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడుకొనే మందకు బిరుసుది నయం. ఏది కొన్నా భుజాల దగ్గర లోపలివైపు నున్నటి అస్తరు ఉందో లేదో వేలితో తడిమి చూడాలి.

చీటీ మీద కనిపించే డెనియర్ అంకె కొనేవారిని తప్పుదారి పట్టిస్తుంది. అది 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. దారం లావు తెలుస్తుంది, బట్ట చిరుగుతుందా అన్నది కొంత ఊహించవచ్చు. జాలీ కన్ను ఎంతో అది చెప్పదు. అతినీలలోహిత కిరణాల లెక్క వేరే ఉంటుంది. యూపీఎఫ్ 50 అని ఉంటే ఆ కిరణాల్లో 50వ వంతు, అంటే 2 శాతమే లోపలికి వస్తాయని అర్థం. కన్ను పెద్దదైన జాలీకి ఆ స్థాయి సాధ్యం కాదు. ముక్కు మీద, కళ్ల చుట్టూ గులాబీ చర్మం ఉన్న గుర్రాలకు ఎండకు చర్మం కమిలిపోతుంది, కొన్నింటికి ఏళ్లు గడిచాక క్యాన్సర్ కూడా వస్తుంది. అటువంటి వాటికి ఈ అంకె ముఖ్యం. నల్లగుర్రం మెరుపు ఎండకు వెలిసి ఇటుక రంగుకు తిరుగుతుందని దిగులుపడే యజమానులకు మాత్రం అది ముచ్చట.

చారలు, రంగులు

దుప్పటి రంగు విషయంలో సైన్సు చెప్పేది వింటే నవ్వొస్తుంది గానీ మాట నిజం. హంగరీ శాస్త్రవేత్త గాబోర్ హోర్వాత్, ఆయన బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం జోరీగలు నల్ల గుర్రాలనూ గోధుమ రంగు గుర్రాలనూ వెతుక్కొని వస్తాయి, తెల్లవాటిని అంతగా పట్టించుకోవు. ముదురు రంగు ఒంటి మీద పడి తిరిగే వెలుగు ధ్రువితమై ఉంటుంది. నీటి మీంచి వచ్చే వెలుగూ అలాంటిదే. నీటి ఒడ్డున గుడ్లు పెట్టే ఆ పురుగుకు ఆ మెరుపంటే మోజు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2016లో ఈ పనికి దక్కింది.

ఆ తర్వాత చారలు వచ్చాయి. టిమ్ కేరో అనే పరిశోధకుడి బృందం ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో ఒక గుర్రాలశాలలో జీబ్రాలను, మామూలు గుర్రాలను పక్కపక్కన పెట్టి గమనించింది. రెండింటి చుట్టూ జోరీగలు దాదాపు సమానంగానే ముసిరాయి. వాలడంలో తేడా వచ్చింది. జీబ్రా దగ్గరికొచ్చిన ఈగ వేగం తగ్గించుకోలేక ఢీకొని పక్కకు ఎగిరిపోతోంది, లేదా పైనుంచి దాటిపోతోంది. తర్వాత అదే గుర్రాలకు ఒకసారి నల్ల దుప్పటి, ఒకసారి తెల్లది, ఒకసారి జీబ్రా చారలది కప్పి చూశారు. చారల దుప్పటి మీద వాలిన ఈగలు మిగతా రెండింటి కంటే చాలా తక్కువ. దుప్పటి లేని తల మీద మాత్రం ఏ తేడా లేకుండా ఎప్పటిలాగే వాలాయి. ఈ ఫలితాలు 2019లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చాయి. అదే ఏడాది అదే పత్రికలో జపాన్ పరిశోధకులు నల్ల ఆవులకు తెల్ల చారల రంగు పూసి, కుట్టే ఈగలు దాదాపు సగానికి తగ్గాయని రాశారు. దానికీ 2025లో ఇగ్ నోబెల్ వచ్చింది.

ఈ ఫలితాలు చూసి అంగడి చారల దుప్పట్లతో నిండింది. వాటిలో కొన్ని బాగానే పనిచేస్తాయి. కానీ గమనించవలసినవి రెండు. చార మరీ వెడల్పయితే ఒక్కో నల్ల పట్టీ ఈగకు విడిగా నల్ల ఒంటిలాగే కనిపిస్తుంది. సన్నగా ఉంటేనే ఫలితం. ఇక చారలు పనిచేసేది జోరీగలాంటి పగటి పురుగు మీద, అది దగ్గరికి వచ్చాక. చీకటి పడ్డాక వాసన పట్టుకొని వచ్చే నుసుములకు చారలుంటేనేం, లేకుంటేనేం? చారల దుప్పటి దొరకని చోట తెల్లది గానీ లేత బూడిద రంగుది గానీ తీసుకుంటే రెండో మేలు కూడా ఉంటుంది: ఎండలో ముదురు రంగంత వేడెక్కదు. నల్లజాలీ దుప్పటి కొనడానికి ఒక్క కారణం కూడా కనిపించదు, మురికి కనబడకపోవడం తప్ప.

ఉక్కపోత

గుర్రం ఒళ్లు చల్లబరచుకొనేది ప్రధానంగా చెమటతో. తీవ్రంగా పరుగెత్తే గుర్రం గంటకు 10 లీటర్లకు పైగా చెమట కార్చగలదు. అందులో లాథరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. సబ్బులా పనిచేసి, దట్టమైన వెంట్రుకల చివరిదాకా తడి పాకేలా చేస్తుంది. జీను కిందా తొడల మధ్యా తెల్లటి నురుగు కనిపించేది దానివల్లే. ఆ తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. దుప్పటి కింద గాలి ఆడకపోతే తడి అలాగే ఉండిపోతుంది, గాలిలో తేమ ఎక్కువైతే దుప్పటి లేకపోయినా ఆరదు. రెండూ కలిసిన రోజు, అంటే వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం, దుప్పటి వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

పరీక్ష సులభం. మధ్యాహ్నం భుజం వెనక, మోచేతి దగ్గర దుప్పటి కిందికి చేయి పోనివ్వాలి. అరచేయి తడిగా బయటికొస్తే దుప్పటి తీసేయాలి. పొడిగా, వెచ్చగా ఉంటే పర్వాలేదు. గుర్రం ఒంటి వేడి మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. నీడలో ఊరికే నిలబడ్డ గుర్రం రొప్పుతూ అంతకు మించి వేడెక్కితే ఈగల సంగతి తర్వాత, ముందు దుప్పటి తీసి నీళ్లు పోయాలి. లావుగా ఉన్నవీ, ముసలివీ, చెమట సరిగా పట్టని జబ్బున్నవీ మరీ తొందరగా వేడెక్కుతాయి. చెమట పట్టని జబ్బు ఉక్క ఎక్కువుండే ప్రాంతాల్లో అరుదేమీ కాదు. అటువంటి గుర్రానికి దుప్పటి కంటే నీడ, ఫ్యాను మేలు. ఫ్యాను గాలికి నుసుములు నిలవలేవు కూడా.

కొలత

కొలత దగ్గర జరిగినన్ని పొరపాట్లు బట్ట దగ్గర జరగవు. టేపు ఒక కొస రొమ్ము నడుమ, మెడ వచ్చి కలిసే ఎముక మీద పెట్టి, భుజం మీదుగా నేలకు సమాంతరంగా లాగి, పిరుదు వెనక అంచు దాకా తీయాలి. గుర్రం నాలుగు కాళ్లూ సరిగా మోపి, తల ఎత్తి నిలబడి ఉండాలి. గడ్డి మేస్తుంటే కొలత తప్పుతుంది. అమెరికావారు దీన్ని అంగుళాల్లో, బ్రిటన్‌వారు అడుగులూ అంగుళాల్లో చెబుతారు. 75 అంగుళాలన్నా 6 అడుగుల 3 అంగుళాలన్నా ఒకటే దుప్పటి. జర్మనీ తదితర దేశాల కంపెనీలు మాత్రం వీపు పొడవు ఒక్కటే, మూపు నుంచి తోక మొదలు దాకా, సెంటీమీటర్లలో తీసుకుంటాయి. ఒక పద్ధతిలో తీసిన కొలత ఇంకో పద్ధతి దుకాణంలో చెబితే వచ్చే దుప్పటి మోకాళ్ల దాకా వేలాడుతుంది, లేదా పిరుదుల మీద సగంలో ఆగుతుంది. ఎత్తును బట్టి కొనడం ఇంకో తప్పు. ఒకే ఎత్తున్న థరోబ్రెడ్, మార్వాడీ గుర్రాలకు రొమ్ము వెడల్పులో ఎంతో తేడా ఉంటుంది.

వేసి చూసినప్పుడు మూపు మీద దుప్పటికీ ఒంటికీ మధ్య చేయి పట్టాలి. తల దించి గడ్డి అందుకున్నప్పుడు రొమ్ము దగ్గర బిగుసుకుంటే భుజాల దగ్గర మడతలు తక్కువని అర్థం, పెద్ద సైజు తీసుకుంటే అది తీరదు. మరో మోడల్ చూసుకోవాలి. పొట్ట పట్టీ కింద బెత్తెడు సందు ఉండాలి. బిగిస్తే రాపిడి, వదిలేస్తే పడుకొని లేచేటప్పుడు గిట్ట అందులో ఇరుక్కుంటుంది. వెనక తొడల పట్టీలు ఒకదానిలోంచి ఒకటి పోనిచ్చి తగిలిస్తే రెండూ చర్మానికి దూరంగా నిలుస్తాయి.

తొడిగేటప్పుడు ముందు రొమ్ము, తర్వాత పొట్ట, చివర తొడలు. విప్పేటప్పుడు ఇది తిరగబడాలి. రొమ్ము బకిళ్లు ముందే విప్పేసి తొడల పట్టీలు మరిచిపోతే, గుర్రం ఒక్క అడుగు ముందుకేసిందంటే దుప్పటి వెనక్కి జారి కాళ్లకు చుట్టుకుంటుంది. బెదిరిన గుర్రం ఆ తర్వాత చేసేది ఊహించుకోవచ్చు.

ముఖం, చెవులు, కాళ్లు

జాలీ ముఖతొడుగు విడిగా దొరుకుతుంది. కళ్ల ముందు జాలీ గిన్నెలా ఉబ్బి ఉండాలి, రెప్పలకు తగలకూడదు. రోజుకు ఒకసారైనా తీసి లోపల గడ్డి నలుసు ఏదైనా పడిందేమో చూడాలి. కనుగుడ్డు గీసుకుపోవడానికి ఒక్క నలుసు చాలు. చెవుల తొడుగుతో కలిపి కుట్టినవి యూరప్ గుర్రాల నిటారు చెవులకు తీసిన మూసలు. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల చెవులు లోపలికి వంగి కొసలు తాకుతుంటాయి. వాటికి ఆ తొడుగు వేస్తే చెవి కొసలు మడత పడి గుర్రం అస్తమానం తల విదిలిస్తుంది. ఈ జాతులకు చెవుల్లేని ముఖతొడుగు తీసుకొని, నుదుటి పట్టీకి వేలాడే దారాల కుచ్చు కట్టడం మంచిది. పందొమ్మిదో శతాబ్దంలో బండి గుర్రాలకు తోలు పోగులతో, నూలు తాళ్లతో అల్లిన వలలు కప్పేవారు. నడుస్తుంటే ఆ పోగులు ఊగి ఈగలను లేపేవి. నుదుటి కుచ్చు ఆ పాత వలకు మిగిలిన వారసురాలు.

కాళ్ల ఈగకు మోకాలి దాకా వచ్చే జాలీ తొడుగులు ఉన్నాయి. బాగా పనిచేస్తాయి, బురదలో మాత్రం జారి మడమ దగ్గర పుండు చేస్తాయి.

మందు పట్టించిన బట్ట

కొన్ని దుప్పట్లకు పెర్మెత్రిన్ అనే పురుగుమందును బట్ట తయారీలోనే పట్టిస్తారు. వాలిన పురుగు కుట్టకముందే లేచిపోతుంది, లేదా చచ్చిపోతుంది. ఉతికే కొద్దీ మందు పని తగ్గుతుంది కాబట్టి చీటీ మీద ఎన్ని ఉతుకుల వరకు అన్నది చూసుకోవాలి. మామూలు దుప్పటి మీద మందు చల్లాలనుకుంటే ఆరాకనే తొడగాలి. లాయంలో పిల్లులుంటే జాగ్రత్త: పెర్మెత్రిన్ పిల్లులకు విషం, వాటి కాలేయం దాన్ని విరిచేయలేదు. ఉతికిన నీళ్లు చెరువులోకి పోనివ్వకూడదు, చేపలకూ అది పడదు. నిమ్మగడ్డి నూనె వంటివి చల్లితే వాసన ఉన్నంతసేపే ఫలితం, ఎండలో అది ఎంతోసేపు ఉండదు.

రోజువారీ

కొత్త దుప్పటి గరగరలాడుతుంది. మడతపెట్టి గుర్రానికి వాసన చూపించి, మెడ మీద మడతగానే ఉంచి, కాస్త కాస్తగా వెనక్కి పరచాలి. మొదటి రోజు లాయంలోనే, మనిషి పక్కన ఉండగా. రోజూ ఒకసారి పూర్తిగా విప్పి మాలిష్ చేసి భుజాలు, మూపు, రొమ్ము చేత్తో తడిమితే రాపిడి మచ్చ పడకముందే తెలుస్తుంది. వానకు తడిసిన దుప్పటిని ఒంటి మీదే ఆరనిస్తే చర్మం చీము పొక్కులు పట్టి పెచ్చులు కడుతుంది. చన్నీళ్లలో, మెత్తటి సబ్బుతో ఉతికి నీడన ఆరేయాలి. వేడినీళ్లు పూతను చెడగొడతాయి. చిరిగిన చోట వెంటనే కుట్టాలి, చిరుగులో గిట్ట దూరిందంటే కుట్టవలసింది దుప్పటి ఒక్కటే కాదు. పాత దుప్పటి చౌకగా వస్తోందని తీసుకుంటే ముందు శిలీంధ్రనాశిని కలిపిన నీళ్లలో నానబెట్టి ఉతకాలి. తామర బీజాలు బట్టలో నెలల తరబడి బతికే ఉంటాయి.

లద్ది రోజూ ఎత్తకుండా దుప్పటి ఒక్కటే నమ్ముకోవడం దండగ. వేడి వాతావరణంలో ఈగ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పది రోజులు చాలు. అంతకంటే ముందే లద్ది కుప్ప దూరం పోయి ఎండాలి, లేదా కప్పబడి మాగాలి. మన పల్లెల్లో పశువుల పాకలో సాయంత్రం వేపాకు పొగ వేస్తారు. దోమలు నిజంగానే తగ్గుతాయి. గుర్రానికి మాత్రం ఆ పొగ పనికిరాదు. దాని ఊపిరితిత్తులు దుమ్ముకూ పొగకూ తొందరగా దెబ్బతింటాయి.

వల గదికే కట్టాలా

నుసుములు తెచ్చే జబ్బుల్లో అన్నిటికన్నా భయంకరమైనది ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్. 1959-61 మధ్య అది మధ్యప్రాచ్యం నుంచి పాకిస్తాన్, భారత్ దాకా పాకి 3 లక్షలకు పైగా గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలను బలితీసుకుంది. 1960లో మన దేశంలోకి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత 2020లో థాయిలాండ్‌లోని నఖోన్ రాచసీమా ప్రాంతంలో హఠాత్తుగా బయటపడి 500కు పైగా గుర్రాలను చంపింది. అక్కడివారు దుప్పట్లనే నమ్ముకొని కూర్చోలేదు. టీకాలు వేయించడంతో పాటు లాయాలకు లాయాలనే దగ్గరి నేత వలలతో నిలువునా కప్పేశారు, పొద్దుగూకేలోగా గుర్రాలను లోపల పెట్టారు. ప్రాణాలు తీసే జబ్బు చుట్టూ తిరుగుతుంటే దుప్పటిలోని చిన్న సందు కూడా ప్రమాదమే, తల, కాళ్లు ఎలాగూ బయటే ఉంటాయి. దురదకూ చికాకుకూ దుప్పటి, ప్రాణభయానికి వల అని వాళ్లు చేసి చూపించారు.

తెలుగు నేల మీద

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గుర్రాలు ఎక్కువగా లాయంలో ఉండేవే. మలక్‌పేట రేస్‌కోర్సు గుర్రాలు, హైదరాబాద్ పోలీసు గుర్రాలు, పెళ్లి ఊరేగింపుల గుర్రాలు పగలంతా కప్పు కింద ఉంటాయి. విశాఖ మన్యంలో గిరిజనులు సంతలకు సరుకు మోయించే పొట్టి గుర్రాలు మాత్రం కొండ వాలుల్లో మేస్తూ తిరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన పొడి ఎండలో జోరీగలు అంతగా కనబడవు. బురదా పచ్చికా వచ్చే తొలకరి నుంచి వాటి రాజ్యం. హైదరాబాద్ మాన్సూన్ రేసులు నడిచేదీ ఆ కాలంలోనే. అందుకని ఇక్కడ దుప్పటి అవసరం పడేది పేరుకు తగ్గట్టు వేసవిలో కాదు, జులై నుంచి అక్టోబరు దాకా, తేమ పట్టిన రోజుల్లో. ఉక్కపోత పరీక్ష ఇక్కడ మరీ ముఖ్యం. కిటికీలకు జాలీ, పైన ఫ్యాను, రోజుకు రెండుసార్లు లద్ది ఎత్తే సైసు ఉన్న లాయంలో దుప్పటి అక్కరే రాకపోవచ్చు. బయట తిరిగే గుర్రానికి, పుండు మానని గుర్రానికి, కాటు పడని గుర్రానికి దాని మీద పెట్టే డబ్బు వృథా కాదు.

తమాషా ఏమిటంటే జీన్లు, కళ్లేలు, గుర్రపు దుప్పట్లు కుట్టి పాశ్చాత్య దేశాలకు పంపే పెద్ద కేంద్రం మన దేశంలోనే ఉంది. కాన్పూర్ జీన్ల పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడి కార్ఖానాలు కుట్టేది విదేశీ కొలతలకు, విదేశీ గుర్రాలకు. అక్కడి నుంచి తెప్పించుకోదలచినవారు గుర్రం ఎత్తు చెప్పి ఊరుకోకుండా రొమ్ము నుంచి పిరుదు దాకా తీసిన కొలత, వీపు పొడవు, చెవుల తీరు మూడూ రాసి పంపాలి. జాలీ ముక్క నమూనా ముందుగా తెప్పించుకొని, దాని మీద స్కేలు పెట్టి కన్ను కొలిచాకే బయానా ఇవ్వాలి.